తమ్ముడి పథ్యం

మా అవ్వ వండిన కూరలో ఉప్పు ఎంత ఉందో ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఎవరికీ తెలియదు. ఆమెకు కూడా తెలియదు. ఒకరోజు నాలుక మండుతుంది. ఇంకోరోజు అసలు వేసిందా లేదా అని ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. చెయ్యి మంచిదే, మసాలా నూరితే వాసన వీధి చివరిదాకా పోతుంది. కాని ఉప్పు చూడదు. కూర ఉడుకుతుంటే గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకడం ప్రతి ఇంట్లో ఉండేదే. అవ్వ మాత్రం ఆ పని చెయ్యదు.

అవ్వ అంటే మా బాపు వాళ్ల అమ్మ. నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర మా బాబాయి ఇంట్లో ఉంటుంది. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. మూడేళ్ల కిందట ఒక పరీక్ష రాసి, ఫలితం కోసం చూస్తూ నెలన్నర ఆ ఇంట్లో ఉన్నాను. చేతిలో ఫోను తప్ప పని లేదు. ఒక మధ్యాహ్నం వంకాయ కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. నేను పళ్లెం అవతలికి నెట్టేశాను.

"ఒక్క చుక్క నాలిక మీద వేసుకొని చూస్తే ఏమైతది అవ్వా? నీ పాణం పోతదా?"

"నాది పోదు" అంది అవ్వ.

"ఊకో" అన్నాడు బాబాయి, కూరలో పెరుగు కలుపుకుంటూ. "నేను పుట్టినసంది ఆమె ఉప్పు సూసుడు నేను సూడలే. నువ్వచ్చి నేర్పుతవా?"

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగానే పోతుంది. కాని ఆ "నాది పోదు" అనే మాట పోలేదు. మరి ఎవరి పాణం? సాయంత్రం ఆమె చింతపండులో గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని అదే అడిగాను. తల ఎత్తకుండానే చెప్పింది.

"ఉప్పు సూసే నా తమ్ముని సంపుకున్న బిడ్డా."

ఆ తమ్ముడి ఫోటో బాబాయి ఇంట్లో టీవీ పైన ఉంటుంది. మిలట్రీ టోపీ, సరిగ్గా మొలవని మీసం, కెమెరాను నమ్మని చూపు. మాకు ఆయన మిలట్రీ తాత. డెబ్బై ఒకటి యుద్ధంలో పోయాడని మాత్రమే నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో ఆగస్టు పదిహేనున బడిలో మాట్లాడమంటే, ఈ తాతకు గుండెలో మూడు తూటాలు దించి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇంటికొచ్చి చెబితే బాపు నవ్వలేదు. "తూటా కాదు. పచ్చకామెర్లయి పోయిండు" అన్నాడు. అప్పుడు నాకు నిజంగా మోసపోయినట్టు అనిపించింది. తూటా లేని సైనికుడి గురించి ఇంకేం అడగాలో తెలియక వదిలేశాను.

ఈసారి వదల్లేదు. రోజూ మధ్యాహ్నం ఫోను అవ్వ ముందు పెట్టి రికార్డు చేయడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఆమె ఫోను వైపు వంగి గట్టిగా అరిచింది. "అరవకే, అది చెవిటిది కాదు" అన్నాక మామూలుగా మాట్లాడింది.

వాళ్లది వర్ని, బోధన్‌ల మధ్య కాలువ కింద ఊరు. వరి, చెరుకు. తల్లి తొందరగా పోయింది. అవ్వ తమ్ముడికంటే నాలుగేళ్లే పెద్ద, అయినా ముద్దలు కలిపి పెట్టింది ఆమే. రాష్ట్రం మారిన యాభై ఆరులో వాడు బడిలో పడ్డాడు. ఏడో తరగతి దాకా చదివి, చెరుకు బండి మీద కూర్చున్నాడు. తిండి దగ్గర మహా పేచీకోరు.

"ఉప్పు తక్కువుంటే ముద్ద ముట్టేటోడు కాదు. జొన్నరొట్టె మీద పచ్చి ఉప్పు సల్లుకొని, మిరపకాయ కొరికి తినేటోడు. ఎడ్లకన్న ఆడే ఎక్కువ ఉప్పు నాకుతడని మా బాపు తిట్టేది."

మిలట్రీలో ఎట్లా చేరాడని అడిగితే అవ్వ ముందు నవ్వి, తర్వాత చెప్పింది. ఆ రోజుల్లో బోధన్ షుగర్ ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్ల వరస చాలా దూరం ఉండేదట. కాంటా మీదికి బండి ఎక్కేసరికి రెండు రోజులు పట్టేది. అక్కడే వండుకోవడం, బండి కిందే పడుకోవడం. ముందు బండి జరిగితే, నువ్వు లేకపోయినా వెనకాయన నీ ఎడ్లను కూడా అదిలించి జరుపుతాడు. అది ఆ వరసలో రివాజు.

"నిజామాబాద్‌ల మిలట్రీలకు మనుషులను తీసుకుంటుండ్రని లైన్ల ఎవడో అన్నడట. ఎనకబండాయనకు ఎడ్లను అప్పజెప్పి రైలెక్కిండు. ఆడ ఛాతి కొలిచిండ్రు, ఉరికిచ్చిండ్రు, పాసయిండు. తెల్లారి వాపస్ వచ్చి సూస్తే, బండి ఇంక కాంటా దాక పోలే!"

"మీ బాపు ఏమన్నడు?"

"ముల్లుకర్ర తీసిండు."

"కొట్టిండా?"

"కొట్టనీకి ఆడు నిలవడితె గద."

ఎడ్ల దగ్గర పెరిగినవాడని తెలిసో ఏమో, అక్కడ వాడికి కంచరగాడిదల పని ఇచ్చారు. కొండ దారుల్లో సామాన్లు మోసే గాడిదలకు మేత, నీళ్లు, నాడాలు చూసుకోవాలి. తుపాకీ ఉండేదట, కాని ఉత్తరాల్లో దాని ఊసు లేదు, ఉన్నవన్నీ గాడిదలే. ఒక ఉత్తరంలో ఉన్న వాక్యం అవ్వకు నోటికి వచ్చు: "ఇవి మన ఎడ్లకన్న తెలివిగలవి అక్కా, నాకన్న మొండివి." సెలవు మీద రెండుసార్లు వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు, అప్పుడే నడక నేర్చిన మా బాపుకు సెల్యూట్ కొట్టడం నేర్పాడు. అప్పటికి అవ్వకు పెళ్లయింది, అత్తగారిల్లు పక్క ఊరే.

మూడోసారి వాడు రాలేదు, ఉత్తరం వచ్చింది. చెరుకు కోత నడుస్తున్న రోజులు. తూర్పున ఎక్కడో మిలట్రీ దవాఖానలో ఉన్నాననీ, పచ్చకామెర్లయ్యాయనీ, భయపడొద్దనీ రాశాడు. "ఇక్కడి కూడు చప్పగ ఉంటది, నాకు నడువది" అని కింద ఒక ముక్క. అవ్వకు కామెర్లకంటే ఆ ముక్కే ఎక్కువ భయం పుట్టించింది. కామెర్లకు మందుకన్న పథ్యం ముఖ్యమని ఆ రోజుల్లో అందరి నమ్మకం. ఉప్పు, నూనె, పసుపు తగలొద్దు. చెరుకు రసం తాగితే మంచిదంటారు. ఊరంతా చెరుకే, తాగాల్సినవాడే లేడు.

వర్ని అవతలి ఊర్లో కామెర్లకు పసరు పోసే ఒక ముసలాయన ఉండేవాడు. అవ్వ మా బాపును చంకనేసుకుని ఆయన దగ్గరికి పోయింది.

"మనిషేడి?" అన్నాడాయన.

"మిలట్రీల ఉన్నడు బాపూ. పసరు ఇయ్యి, పంపుత."

"పసరు డబ్బల పోసి పంపుతవా? పో, మనిషిని తీస్కరా."

మనిషి వచ్చే దారి లేదు. రేపోమాపో యుద్ధమని అందరూ అంటున్నారు. అవ్వ మూడు రోజులు వరసగా పోయి ఆయన అరుగు మీద కూర్చుంది. నాలుగో రోజు ఆయన అన్నాడు:

"ఒక్క కడుపుల పుట్టిండ్రు గద. ఆడు ఉండాల్సిన పథ్యం నువ్వుండు. ఇరవై ఒక్క రోజులు. ఉప్పు కల్లు నాలిక్కు తగలొద్దు. తగిల్తె మల్ల నా మీదికి రావద్దు."

వాడు ఎట్లాగూ పథ్యం ఉండడు. ఉప్పు లేకుంటే ముద్ద ముట్టడు. అందుకని అక్క ఉండాలి. ఆ లెక్క అవ్వకు చాలా సరిగ్గా అనిపించింది. నాకు కూడా, ఆమె చెబుతున్నంత సేపూ, సరిగ్గానే అనిపించింది.

చప్పిడి గట్క, అంటే ఉప్పులేని జొన్నసంకటి, మజ్జిగ. రెండు పూటలా అదే. ఇంట్లో అత్త ఊరుకోలేదు.

"నీ తమ్ముని రోగం మా ఇంట్లకెందుకు తెచ్చినవే? పాలు తాగే పిల్లగాడుండె."

"పాలల్ల ఉప్పుంటదా అత్తమ్మా?"

"నోరు మాత్రం చప్పగ లేదు నీది!"

పథ్యం మొదలైన రెండు రోజులకే రేడియోలో యుద్ధమని చెప్పారు. అవ్వ ఒక్కో రోజుకు ఒక్కో చింతగింజ గూట్లో వేస్తూ లెక్క పెట్టుకుంది. పదిహేనో గింజ వేసిన సాయంత్రం యుద్ధం ఆగిపోయిందని రేడియో చెప్పింది.

మరునాడు పొద్దున అత్తగారి పొలంలో చెరుకు కోత. నాందేడ్ దిక్కు నుంచి వచ్చిన మరాఠీ కూలీలు ఇరవై మంది. అవ్వ గట్టు మీద పెద్ద గంజులో వంకాయ, శనగపప్పు వండుతోంది. కూలీలు కత్తులు పైకెత్తి "లఢాయి సంపలీ, లఢాయి సంపలీ" అని అరుచుకుంటున్నారు, యుద్ధం అయిపోయిందని. వాళ్లలో ఒక పెద్దామె వచ్చి అవ్వ గదవ పట్టుకుని, నీ తమ్ముడు ఇక వచ్చేస్తాడులే అన్నట్టు ఏదో అంది. అవ్వకు మరాఠీ సగమే వచ్చు. కాని ఆ మాట మొత్తం అర్థమైంది.

"గంత సంబురంల, గరిటె తిప్పిన. అరచేతిల ఏసుకున్న. నాకిన." అవ్వ అరచెయ్యి చూపించింది, చుక్క ఇంకా అక్కడే ఉన్నట్టు. "నాకినంక యాదికచ్చింది."

ఉమ్మేసింది. కాలువ దగ్గరికి ఉరికి నోరు కడుక్కుంది. ఎవరికీ చెప్పలేదు. మిగిలిన రోజులు పథ్యం ఇంకా గట్టిగా పట్టింది. మూడో రోజు టెలిగ్రాం వచ్చింది. పోస్టాయన ఇంగ్లీషు చదువుకుని ఒక్క ముక్క చెప్పాడు: "పోయిండు."

ఇది విన్న రాత్రి నాకు పిచ్చి కోపం వచ్చింది. అవ్వ మీద కాదు, ఆ పసరు పోసినాయన మీద. ఒక ఆడమనిషి నాలుకకు ఒక మనిషి పాణం కట్టేసి యాభై ఏళ్లు వదిలేశాడు. తెల్లారి బాబాయి స్కూటీ తీసుకుని వర్ని దిక్కు పోయాను. అవ్వకు బోధన్‌లో సినిమా చూస్తానని చెప్పాను.

ముసలాయన ఎప్పుడో పోయాడు. పసరు పోయడం కూడా ఆ ఇంట్లో ఆయనతోనే పోయింది. ఆయన కోడలు ఉంది, అవ్వ ఈడుదే. అరుగు మీద ఆరబోసిన వడ్ల దగ్గర కోళ్లను తోలుతూ కూర్చుంది. నేను వచ్చిన కోపమంతా ఆమె మీద కుమ్మరించాను. ఆమె కట్టె పక్కన పెట్టి పూర్తిగా విన్నది.

"మా మామ గట్ల ఎవ్వలకు చెప్పలే బిడ్డా. ఒకల బదులు ఒకలు పథ్యముండుడు నేను యాడ ఇనలే" అంది.

"మా అవ్వకు చెప్పిండు."

"ఎవరు, మూడు రోజులు ఈ అరుగు దిగని పిల్లనా?" ఆమె నన్ను మళ్లీ మొదటిసారి చూసినట్టు చూసింది. "చంకల పిల్లగాడు. అన్నం పెడ్తె తినలే, పొమ్మంటే పోలే. మామకు నిద్ర పట్టలే. ఉట్టి చేతుల ఎట్ల పంపాలె అని నాలుగో నాడు ఏదో చెప్పిండు. ఆ పిల్ల పోయినంక, చేతుల ఏదో ఒకటి పెట్టి పంపిన తీ అన్నడు."

నా కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆమె చల్ల ఇచ్చింది, తాగాను. ఉప్పు సరిగ్గా ఉంది.

తిరిగి వచ్చేదారిలో కాలువ గట్టున బండి ఆపి చాలాసేపు ఆలోచించాను. ఇది చెబితే అవ్వ మీది బరువు దిగుతుందా? పథ్యమే ఉత్తది అంటే, ఉప్పు తగలడం కూడా ఉత్తదే. నిజమే. కాని అప్పుడు ఆ పదహారు రోజుల గట్క కూడా ఉత్తదే అవుతుంది. తమ్ముడికోసం ఆమె చేయగలిగిన ఒకే ఒక్క పని అది. దాన్ని లాక్కోవడానికి నాకు నోరు రాలేదు. అలవాటు కొద్దీ ఆ కోడలి మాటలు కూడా రికార్డు చేశాను, అవి ఫోనులో ఇంకా ఉన్నాయి. అవ్వకు ఇప్పటికీ వినిపించలేదు.

అయితే ఆ బరువు దించేది వేరే ఏదో ఉండాలనిపించింది. వాడు అక్కడ ఎట్లా పోయాడు? ఎవరు పక్కన ఉన్నారు? ఆ ప్రశ్నలతో అవ్వను పట్టుకుంటే, మంచం కింద నుంచి నల్ల రేకు పెట్టె లాగించింది. యుద్ధమైన కొన్ని నెలలకు వచ్చిందట. మూత మీద తెల్ల రంగుతో వాడి నంబరు. లోపల ఉన్ని బనియను, సత్తు మగ్గు, గాడిదల ఒళ్లు తోమే ఒక బ్రష్షు, దవాఖాన పెద్ద రాసిన ఒక ఇంగ్లీషు ఉత్తరం. సిరా వెలిసిపోయి కాగితం రంగులోనే కలిసిపోయింది.

"మీ బాపు చదివిండు తీ. కాలేజీకి పోయేటప్పుడు" అంది అవ్వ. "కామెర్లతోటి పోయిండనే ఉందట."

ఫోటో తీసి, ఫోనులో పెద్దది చేసి, వెలుతురు తగ్గిస్తూ పెంచుతూ ఒక్కో అక్షరం పట్టుకున్నాను. బాపు చెప్పింది నిజమే, అదే ఉంది. చివరి రోజుల్లో స్పృహ లేదని ఉంది. బాధ పడలేదని ఉంది. అది అందరికీ రాసే వాక్యమేమో నాకు తెలియదు. రెండో వరసలో పోయిన తేదీ ఉంది.

ఆ తేదీని రెండుసార్లు చదివాను. ఫోనులోనే యుద్ధం ఆగిన రోజు చూసుకున్నాను. వేళ్ల మీద లెక్కపెట్టాను. నా వేళ్ల మీద నమ్మకం లేక కాగితం మీద కూడా వేశాను.

మాలో ఒక పద్ధతి ఉంది. దూరాన మనిషి పోతే, కబురు చెవిన పడ్డ పూటే మైల మొదలవుతుంది. తలమీద నీళ్లు పోసుకుని, అక్కణ్నుంచే దినాలు లెక్క. పదో రోజు, ఏడాది తిథి, అన్నీ ఆ లెక్కే. మిలట్రీ తాత యాభై ఏళ్లుగా మా ఇంట్లో టెలిగ్రాం వచ్చిన రోజే చనిపోతున్నాడు. ఆ కాగితం ఎవరూ చదవక కాదు. బాపు చదివాడు, బాబాయి చదివి ఉంటాడు. అవ్వ అరచేతిలోని చుక్క గురించి తెలిస్తే కదా, తేదీ ఎందుకు చూడాలో తెలిసేది!

"అవ్వా, నువ్వు ఉప్పు చూసింది పథ్యం ఎన్నో రోజు?"

"పదారు. పదిహేను గింజలేసిన, పదారోది ఏసేది ఉండె."

"తాత పదో రోజే పోయిండు."

ఆమెకు అర్థం కాలేదు. యుద్ధం ఆగకముందే పోయాడనీ, టెలిగ్రాం నడిచి నడిచి ఎనిమిది రోజులకు వచ్చిందని మళ్లీ చెప్పాను. చింతపండు గిన్నెలోంచి పదహారు గింజలు తీసి నేల మీద వరసగా పేర్చాను. పదో గింజ పక్కకు జరిపాను.

"ఇక్కడ పోయిండు. నువ్వు నాకింది గిక్కడ. ఆరు రోజుల తర్వాత."

అవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఆమె పదో గింజను తీసుకుని వేళ్ల మధ్య తిప్పుతూ ఉంది.

"పదో రోజు నేనేం చేసిన?" అంది. నన్ను అడగడం లేదు. "పదో రోజు మీ బాపుకు జరం. మజ్జిగ ఒడిసింది. ఉట్టి గట్క తిన్న. ఆనాటికి ఒక్క ఉప్పు కల్లు ముట్టలే నేను."

"ముట్టలే."

"ఒక్క కల్లు ముట్టలే" అని ఇంకోసారి అంది. తర్వాత మిగిలిన ఆరు గింజల వైపు చూసింది. "మరి గివి ఎవనికోసం తిన్ననే పిల్లా?"

ఆమెకే నవ్వొచ్చింది, పళ్లు లేని పెద్ద నవ్వు. కళ్లలోంచి నీళ్లు కూడా దానితోనే వచ్చాయి.

"మొండి ముండాకొడుకు. సచ్చినంక గూడ అక్కతోటి చప్పిడి తినిపిచ్చిండు!"

అసలు తిథి ఏమిటో ఫోనులో చూడమంది. చూసి చెప్పాను. ఈ ఏడాది నుంచి తమ్ముడి పేరున అయ్యగారికి ఇచ్చే బియ్యం ఆ తిథికే ఇద్దామని బాబాయితో అంది. పాత రోజున కూడా ఇద్దామంది, అలవాటుపడ్డ మనిషి వచ్చి చూసుకుంటాడని.

ఆ తర్వాత రెండు రోజులు వంటలో ఏ మార్పూ లేదు. మూడో రోజు నేను వంటింటి గడపలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. వంకాయ కూర ఉడుకుతోంది. గరిటె చప్పుడు ఆగిపోయిందని తల ఎత్తాను. అవ్వ అరచేతిలో ఒక చుక్క ఉంది. ఆమె దాన్ని చూస్తూ ఉంది. ఆమె చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుంది.

నాలుక లోపల తిప్పుతూ చాలాసేపు నిలబడింది. ఆమె మొహం మెల్లగా మారింది.

"గింత ఉప్పా?" అంది. "ఇన్నేండ్లసంది గిదే తింటుండ్రా మీరు?"

"నువ్వు పెడ్తె తింటున్నం" అన్నాడు బాబాయి ముందు గదిలోంచి.

"చెప్పాలె గదరా!"

"చెప్పినం అవ్వా" అన్నాను నేను. "మస్తు సార్లు చెప్పినం."

ఆమె నా మాట పట్టించుకోలేదు. ఇంకో చుక్క వేసుకుంది, ఇంకోసారి చూసింది, మూతి ముడిచింది.

"ఆ ఫోను పక్కకు పెట్టి, పోయి రెండు ఆలుగడ్డలు తే. కోసి ఏద్దాం. ఉప్పు గుంజుతది."